నెల్లూరు, ప్రకాశం సైడు మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు వెతకాలంటే ఎట్టా మొదలుపెట్టాలి

డిటెక్టర్ కొనే ముందే ఒక సంగతి తెలుసుకోండి. మన జిల్లాల్లో చేతిలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలంలో నిలబడితే చూసినోళ్ళు అనుకునేది ఒకటే, గుప్తనిధులోళ్ళు వచ్చారు అని. అట్టా అనుకోవడంలో జనం తప్పు ఏం లేదు, పాత గుళ్ళలో నంది కింద తవ్వడం, కొండ మీద కోటల్లో రాత్రిళ్ళు పూజలు చేసి గుంటలు తీయడం ఇక్కడ చాలా ఏళ్ళుగా జరుగుతానే ఉంది, పేపర్లో చూస్తానే ఉన్నాం. అందుకే ఈ హాబీలో మిషన్ వాడటం నేర్చుకోవడం సగం పనే, మిగతా సగం ఎక్కడ వెతకాలి, ఎవర్ని అడగాలి, దొరికింది ఎవరికి చెప్పాలి అనేది. ఈ రెండో సగం వద్దు అనుకునే వాళ్ళు డిటెక్టర్ కొనకపోవడమే మంచిది, నిజంగా చెప్తున్నా.

ముందు చట్టం సంగతి చూద్దాం, ఎందుకంటే దీని గురించి యూట్యూబ్‌లో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు, ఇంగ్లండ్ వీడియోలు చూసి అదే ఇక్కడ కూడా నడుస్తది అనుకుంటారు. మన దగ్గర 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది. భూమిలో దాచిపెట్టి ఉన్న వస్తువు ఏదైనా విలువ 10 రూపాయలు దాటితే, అవును పదే, ఆ రోజుల్లో పెట్టిన అంకె అట్టాగే ఉండిపోయింది, దొరికినవాళ్ళు కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది, ఈ నాలుగూ రాయాలి. చెప్పకుండా దాచుకుంటే దాంట్లో మనకి రావాల్సిన వాటా గవర్నమెంటుకి పోతది, ఏడాది దాకా జైలు కానీ ఫైన్ కానీ కూడా పడొచ్చు. చెప్తే మాత్రం చట్టం మనకి అన్యాయం చేయదు, విచారణ అయ్యాక అది ఎవరిదీ కాదని తేలి, స్థలం ఓనర్‌తో మనకి ముందే వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవాళ్ళకి నాలుగింట మూడు వంతులు, స్థలం ఓనర్‌కి ఒక వంతు. గవర్నమెంటు అదే తీసుకోవాలనుకుంటే ఆ లోహం విలువ కట్టి దాని మీద ఐదో వంతు కలిపి ఇస్తది. చాలామందికి ఇది తెలియక, చెప్తే మొత్తం లాగేసుకుంటారు అనే భయంతో బంగారం షాపులో కరిగించేస్తారు.

ఇంకోటి 1972 పురావస్తువుల చట్టం. వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కింద లెక్క. దాన్ని దేశం దాటించకూడదు, ఫారిన్‌లో ఉన్న బావమరిదికి కొరియర్‌లో పంపడం, ఫారిన్ సైట్లలో పెట్టి అమ్మడం ఇవన్నీ నేరమే. లైసెన్స్ లేకుండా పురావస్తువుల వ్యాపారం కూడా చేయకూడదు. కాబట్టి దీని మీద డబ్బులు సంపాదిద్దాం అని వచ్చేవాళ్ళకి ఇది పనికొచ్చే హాబీ కాదు.

ఇక రక్షిత కట్టడాలు. ఉదయగిరి కోట, భైరవకోన గుహలు, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం, ఇట్టాంటి చోట్లకి చూడ్డానికి వెళ్ళండి, ఫోటోలు తీసుకోండి, డిటెక్టర్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళండి. బోర్డు ఉన్నా లేకపోయినా పాత గుడి, కోట గోడ, శాసనం రాయి, సమాధి, మసీదు, చర్చి, వీటి దగ్గర కాయిల్, అంటే డిటెక్టర్ చివర నేల మీద తిప్పే గుండ్రటి భాగం, పెట్టొద్దు. ఫారెస్ట్ భూమి వద్దు, దేవాదాయ భూమి వద్దు. కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల, శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ వైపు అసలు వెళ్ళొద్దు, అక్కడ సెక్యూరిటీ వాళ్ళకి మన హాబీ గురించి వివరించే అవకాశం కూడా రాదు.

పాటిదిబ్బలు కూడా వద్దు, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఊరి బయట ఎత్తుగా, బూడిద రంగు మన్నుతో, కుండ పెంకులు, పూసలు, ఎముక ముక్కలు తేలే దిబ్బలు ఉంటాయి కదా, పెద్దోళ్ళు అక్కడ పాత ఊరు ఉండేది అంటారు. ఆ మన్ను బలమని మనోళ్ళు బండ్లకి ఎత్తి పొలాలకి తోలుకునేవాళ్ళు. ఆ దిబ్బలో ఒక్కో పొర ఒక్కో కాలం. పై పొరలో నవాబుల కాలం బిళ్ళ, కింద విజయనగరం రాగి కాసు, ఇంకా కింద శాతవాహనుల సీసం బిళ్ళ, ఇట్టా వరసగా ఉంటాయి. మనం గుంట తీసి బిళ్ళ ఒక్కటి లాగేస్తే ఆ వరస చెదిరిపోతది, తర్వాత వచ్చే ఆర్కియాలజీ వాళ్ళు ఎంత తెలివిగలోళ్ళయినా దాన్ని మళ్ళీ పేర్చలేరు. కానీ ఎప్పుడో దిబ్బ మన్ను తోలిన పొలం ఉంటే, అక్కడ ఆ పొరలు ఎట్టాగూ కలిసిపోయి ఉంటాయి, ప్రతి ఏడూ నాగలి, ట్రాక్టర్ తిరగేస్తానే ఉంటది. ఓనర్ ఒప్పుకుంటే అది వెతకదగిన చోటు. ఏ పొలానికి దిబ్బ మన్ను తోలారో ఊళ్ళో ముసలోళ్ళని అడిగితే చెప్తారు.

మరి ఎక్కడ వెతకాలి

మొదట మన సొంత స్థలం. పెంకుటిల్లు పడగొట్టి కొత్తది కడతా ఉంటే ఆ మట్టి, పాత గడప ముందు చోటు, వాకిట్లో వేపచెట్టు కింద పెద్దోళ్ళు మంచాలేసుకునే చోటు, బావి గట్టు చుట్టూ, పశువుల కొట్టం. పెద్దోళ్ళ రొంటిన పెట్టుకున్న చిల్లర జారిపోయేది ఇట్టాంటి చోట్లే. తర్వాత చుట్టాల పొలాలు. ఆ తర్వాతే బయటోళ్ళవి.

బయటోళ్ళ పొలంలోకి వెళ్ళాలంటే నేరుగా మిషన్ పట్టుకుని పోకూడదు. ముందు రోజు ఖాళీ చేతులతో వెళ్ళి, టీ కొట్టు దగ్గరో రచ్చబండ దగ్గరో కూర్చుని మాట కలపాలి. పెద్దాయన అయితే "పెదనాయనా, నేను పాత కానీలు, అణాలు సేకరిస్తా ఉంటా, మీ చేలో ఒక పూట చూసుకోనా, గుంటలు పూడ్చేస్తా, ఏం దొరికినా మీకు చూపించే పోతా" అని చెప్పాలి. కొంచెం పెద్ద వయసోళ్ళయితే అన్నా అంటే సరిపోద్ది. మీ సేకరణలో ఉన్న చిల్లు కానీలు, జార్జి బొమ్మ కానీలు రెండు మూడు జేబులో పెట్టుకెళ్ళి చూపిస్తే వాళ్ళకి వెంటనే అర్థమవుద్ది, చాలామంది లోపలికెళ్ళి వాళ్ళ అమ్మమ్మ డబ్బాలో ఉన్నవి తెచ్చి చూపిస్తారు, ఆ కబుర్లే ఒక్కోసారి వెతకడం కన్నా బాగుంటాయి. ఒప్పుకుంటే ఒక కాయితం మీద సర్వే నంబరు, తేదీ రాసి సంతకం తీసుకోండి, వాటా సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోండి. ఊళ్ళో వీఆర్వోకి, కుదిరితే స్టేషన్‌కి కూడా ఒక మాట చెప్పి పెట్టండి. ఎవరో ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చినా అప్పుడు ఇబ్బంది ఉండదు. పగలే వెతకాలి, పొద్దుగూకే లోపల బయటికి వచ్చేయాలి, రాత్రి టార్చిలైటు పెట్టి వెతకడం ఎంత సొంత పొలమైనా వద్దు.

బీచ్‌లు కొత్తగా నేర్చుకునేవాళ్ళకి బాగుంటాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల కార్తీక పౌర్ణమికి, కనుమకి, ఆదివారాలకి జనం విపరీతంగా వస్తారు, చిల్లర రాలుద్ది. పంచాయతీ వాళ్ళకి, అక్కడ డ్యూటీలో ఉండే మెరైన్ పోలీసులకి చెప్పి, పొడి ఇసుకలో తెల్లారుజామున వెతుక్కోవచ్చు. అక్కడ దొరికేది ఎక్కువ కొత్త రూపాయి బిళ్ళలే, అయినా మిషన్ భాష నేర్చుకోడానికి అంతకన్నా మంచి చోటు లేదు, ఇసుక తవ్వడం తేలిక. ఉంగరమో, చెవి కమ్మో, తాళిబొట్టు బిళ్ళో దొరికితే అది పోగొట్టుకున్నోళ్ళది, మనది కాదు. స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక ఆడమనిషి పోగొట్టుకున్న తాళి బిళ్ళ తిరిగి ఇప్పించడం కన్నా గొప్ప పని ఈ హాబీలో ఇంకోటి లేదని నా నమ్మకం.

నదిలో పుష్కరాలకి, బస్సుల్లోంచి, రైళ్ళలోంచి వేసే చిల్లర గురించి అందరూ అడుగుతారు. తాడుకి అయస్కాంతం కట్టి రేవుల్లో చిల్లర లాగే పిల్లల్ని మీరు చూసే ఉంటారు, అది పనిచేసేది ఇప్పటి బిళ్ళలు స్టీలువి కాబట్టి. పాత రాగి, ఇత్తడి, వెండి అయస్కాంతానికి అంటవు. పైగా పెన్నలో ఇసుక తవ్విన గుంటలు లోతు తెలియకుండా ఉంటాయి, ఏటా పిల్లల ప్రాణాలు పోతా ఉన్నాయి, నీళ్ళలోకి దిగి వెతకొద్దు.

ఏ మిషన్ కొనాలి

మొదటి మిషన్‌గా గారెట్ ఏస్ 300, నోక్టా సింప్లెక్స్, మైన్‌ల్యాబ్ వ్యాంక్విష్, ఈ రకం ఏదైనా సరిపోద్ది. ఇవన్నీ వీఎల్ఎఫ్ మిషన్లు, అంటే కాయిల్‌లోంచి మాగ్నెటిక్ ఫీల్డ్ భూమిలోకి పోతది, లోహం తగిలితే దాంట్లో చిన్న కరెంటు పుట్టి తిరిగి సిగ్నల్ ఇస్తది, ఆ సిగ్నల్ ఆలస్యాన్ని బట్టి మిషన్ అది ఇనుమా, రాగా, వెండా అని ఒక నంబరు చూపిస్తది. పొలాలకే అయితే సింగిల్ ఫ్రీక్వెన్సీ చాలు. బీచ్‌లో తడి ఇసుక మీద కూడా వెతకాలంటే వ్యాంక్విష్ లాగా మల్టీ ఫ్రీక్వెన్సీది తీసుకోండి, ఎందుకంటే ఉప్పునీళ్ళకి కరెంటు పారే గుణం ఉంది కాబట్టి సింగిల్ ఫ్రీక్వెన్సీ మిషన్ అక్కడ ఊరికే అరుస్తా ఉంటది.

ఏ మిషన్ అయినా ఒక నాణెం సైజు వస్తువుని జానెడు లోతు దాకా పట్టుకుంటది, అంతే. ముప్పై అడుగుల లోతు బంగారం చూపిస్తది, వంద మీటర్ల దూరం నుంచి బాణం గుర్తు తిరుగుద్ది అని లక్షల్లో అమ్మే లాంగ్ రేంజ్ లొకేటర్లు పూర్తిగా మోసం, వాటిలో అట్టా పనిచేసే వస్తువు ఏదీ ఉండదు. ఆస్తులు అమ్ముకుని కొన్నవాళ్ళు ఉన్నారు మన సైడు. బియ్యాన్ని లాగే రైస్ పుల్లింగ్ బిళ్ళ, ఇరిడియం చెంబు అని వచ్చేవాళ్ళు కూడా అదే బాపతు, అట్టాంటి బిళ్ళ లోకంలో లేదు.

దీనికి తోడు పిన్‌పాయింటర్ అనే చిన్న కడ్డీ లాంటిది కొనండి, గుంటలో బిళ్ళ ఎక్కడుందో సరిగ్గా చూపిస్తది, అది లేకపోతే అరగంట మట్టి పిసకాల్సి వస్తది. మేస్త్రీల తాపీ కానీ, చిన్న బొరిగె కానీ, చేతి గ్లౌజులు, హెడ్‌ఫోన్స్, చెత్త వేసుకోడానికి ఒక సంచి, దొరికినవి విడివిడిగా పెట్టుకోడానికి చిన్న జిప్ కవర్లు, ఒక నోటుబుక్కు. గడ్డపార, పెద్ద పార అవసరం లేదు, వాటిని చూస్తే జనానికి అనుమానం కూడా ఎక్కువవుద్ది.

పెరట్లో ప్రాక్టీస్

డిటెక్టర్ రాగానే పొలానికి పరిగెత్తకండి. పెరట్లో మొదట మిషన్‌తో తిప్పి లోహం ఏమీ లేని చోటు చూసుకుని, అక్కడ ఒక పాత కానీ, ఒక రూపాయి స్టీలు బిళ్ళ, ఒక ఐదు రూపాయల ఇత్తడి రంగు బిళ్ళ, కూల్‌డ్రింక్ మూత, మాత్రల షీటు ముక్క, తుప్పు మేకు, వీటిని మూడు అంగుళాలు, ఐదు అంగుళాలు లోతుల్లో పాతిపెట్టి మీద పుల్లలు గుచ్చండి. ఒక్కోదాని మీద తిప్పి ఏ నంబరు వస్తా ఉంది, ఏ సౌండు వస్తా ఉంది రాసుకోండి. యూట్యూబ్‌లో వాళ్ళు చెప్పే నంబర్లు అమెరికా బిళ్ళలవి, మనకి పనికిరావు, మన చార్టు మనమే తయారుచేసుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1988 నుంచి వచ్చిన చాలా బిళ్ళలు ఫెరిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలువి, పది పైసలు, పావలా, అర్ధరూపాయి, తర్వాత రూపాయి. ఇవి అయస్కాంతానికి అంటుకుంటాయి, మిషన్‌కి ఇనుములాగా కనపడతాయి, లేకపోతే నంబరు ఎటుబడితే అటు గెంతుతా ఉంటది. ఇనుము వద్దు అని సెట్టింగ్ పెడితే ఇవన్నీ వినపడవు. పాత నాణేల కోసం వెతికేవాళ్ళకి ఇది మంచిదే, కొత్త చిల్లర అంతా దానంతట అదే పక్కకి పోద్ది. కానీ అంతకు మించి డిస్క్రిమినేషన్, అంటే వద్దనుకున్న లోహాలు వినపడకుండా చేసే ఈ సెట్టింగ్, పెంచొద్దు, ఎందుకంటే చిన్న సీసం బిళ్ళలు, పల్చటి రాగి కాసులు, సన్న బంగారం వస్తువులు మాత్రల షీటు వచ్చే రేంజిలోనే వస్తాయి. షీటు ముక్కలు వద్దనుకుంటే అవీ పోతాయి. చెత్త తవ్వకుండా మంచి బిళ్ళ దొరకదు, దీనికి షార్ట్‌కట్ లేదు.

పొలంలో పద్ధతి

మంచి టైము మనకి ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, లేదా మొదటి దుక్కి దున్నాక. నేల కొంచెం తేమగా ఉంటే సిగ్నల్ బాగా వస్తది, తవ్వడం కూడా తేలిక. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకి పొలంలో నిలబడటం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. పైరు ఉన్న చేలోకి ఎట్టి పరిస్థితిలో దిగొద్దు.

ముందు గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలో ఉండే ఖనిజాలకి మిషన్ ఊరికే అరవకుండా సరిచేసుకోవడం. లోహం లేని చోట కాయిల్‌ని నేలకి దగ్గరగా పైకీ కిందకీ ఆడిస్తే సౌండు పైనా కిందా ఒకేలా వచ్చే దాకా సరిచేయాలి, కొన్ని మిషన్లు బటన్ నొక్కితే అవే చేసుకుంటాయి, ఏస్ 300 లాంటి వాటిలో అది ఫ్యాక్టరీలోనే ఫిక్స్ చేసి ఉంటది. మన ఒంగోలు పక్కన కొణిజేడు కొండ వైపు ఇనుప ఖనిజం ఉంది కదా, ఆ చుట్టుపక్కల ఎర్ర రాయి, నల్ల రాయి కలిసిన నేలల్లో మిషన్ మాటిమాటికీ తప్పుడు సిగ్నల్ ఇస్తది, అక్కడ బ్యాలెన్స్ మళ్ళీ మళ్ళీ చేసుకోవాలి, సెన్సిటివిటీ తగ్గించాలి. బీచ్‌లో నల్ల ఇసుక చారలు ఉన్నచోట కూడా అంతే. సైదాపురం వైపు మైకా నేలలు మెరుస్తా ఉంటాయి కానీ మైకా లోహం కాదు, మిషన్‌కి దాంతో ఇబ్బంది లేదు. కరెంటు తీగల కింద, మోటారు షెడ్డు పక్కన, రొయ్యల గుంటల ఏరియేటర్ల దగ్గర మిషన్ ఊరికే చిటపటలాడతది, దూరంగా జరగడమే దానికి మందు. సెల్‌ఫోన్ కూడా కాయిల్ దగ్గర పెట్టుకోవద్దు.

కాయిల్‌ని నేలకి అంగుళం ఎత్తులో, వాకిలి ఊడ్చినట్టు సమంగా, నిదానంగా తిప్పాలి. కొత్తవాళ్ళు చివర్లో కాయిల్ పైకి లేపేస్తా ఉంటారు, అక్కడ లోతు పోద్ది. ఒక్కో తిప్పుకి సగం కాయిల్ ముందు చూసిన చోటు మీద పడాలి. పెద్ద పొలం మొత్తం గబగబా తిరగడం కన్నా పది సెంట్లు శుభ్రంగా చూడటం మేలు.

సిగ్నల్ వచ్చిందనుకోండి, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రెండు వైపులా అదే సౌండు వస్తా ఉందా చూడండి. తర్వాత పక్కకి తిరిగి అడ్డంగా తిప్పి చూడండి. అన్ని వైపుల నుంచీ ఒకే నంబరు, గుండ్రంగా, తెగకుండా వస్తే అది గుండ్రటి లోహం. ఒక వైపు బాగా వచ్చి ఇంకో వైపు తెగిపోతే ఎక్కువసార్లు మేకు, తీగ ముక్క. కందుకూరు, పొదిలి సైడు పొగాకు బ్యారన్ల చుట్టూ ఇనప తీగలు, రేకు ముక్కలు ఎంత ఉంటాయంటే మిషన్ అరుపు ఆగదు, అట్టాంటి చోట చిన్న కాయిల్ వేసుకుంటే రెండు ఇనుప ముక్కల మధ్య ఉన్న బిళ్ళ కూడా పట్టుకోవచ్చు.

తవ్వేటప్పుడు సిగ్నల్ నడిమధ్యలో పోటు వేయొద్దు, నాలుగు అంగుళాలు పక్కన తాపీ దించి మట్టి గడ్డ మొత్తం ఎత్తండి. నాణెం మీద ఒక్క గీత పడిందంటే మళ్ళీ పోదు. గడ్డి ఉన్నచోట మూడు వైపులా కోసి మూతలాగా తిప్పి, అయ్యాక మళ్ళీ అట్టాగే మూసి కాలితో అదమాలి. వరి మడి గట్టు మాత్రం ఎప్పుడూ తవ్వొద్దు, సిగ్నల్ ఎంత బాగున్నా సరే, గట్టుకి చిన్న బొక్క పడితే చాలు రాత్రికి మడి మొత్తం ఎండిపోద్ది, ఆ రైతు ఇంకెప్పుడూ ఎవర్నీ రానివ్వడు. పొదలకూరు వైపు నిమ్మతోటల్లో చెట్టు పాదులో తవ్వొద్దు, నిమ్మ వేళ్ళు పైపైనే ఉంటాయి. డ్రిప్పు పైపులు, మోటారు కేబుళ్ళు ఎటు పోతా ఉన్నాయో ముందే అడిగి తెలుసుకోండి. గుంటలో చెయ్యి పెట్టే ముందు ఒకసారి కర్రతో కదపండి, తేళ్ళు, రక్తపింజర్లు మన నేలల్లో మామూలు. తవ్విన చెత్త, గాజు పెంకులు, మేకులు అన్నీ సంచిలో వేసుకుని బయటికి తెచ్చేయండి, రైతుకి అది చూపించండి, చేలో ఇన్ని మేకులు తీసేశావా అని వాళ్ళే మళ్ళీ పిలుస్తారు.

ఏం దొరుకుద్ది

ఎక్కువ దొరికేది జార్జి రాజు బొమ్మ ఉన్న కానీ, అంటే పావు అణా. రూపాయికి 16 అణాలు, అణాకి నాలుగు కానీలు, లేదా పన్నెండు దమ్మిడీలు, 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చే దాకా ఇదే లెక్క. 1906 నుంచి వచ్చిన కంచు కానీ సుమారు 4.9 గ్రాములు ఉంటది, అంతకు ముందు రాగివి కొంచెం బరువు ఎక్కువ. నడుమ చిల్లు ఉన్న కానీలు 1943 నుంచి 1947 వరకే, యుద్ధం టైములో లోహం ఆదా చేయడానికి అట్టా చేశారు. విక్టోరియా బొమ్మ పక్కన క్వీన్ అని ఉంటే 1876 వరకు, ఎంప్రెస్ అని ఉంటే 1877 తర్వాత. వెండి రూపాయి 11.66 గ్రాములు, 1939 దాకా నూటికి 91 పాళ్ళు పైగా వెండి, 1940 నుంచి సగమే వెండి, 1946–47 కల్లా వెండి పోయి నికెల్ వచ్చింది, ఆ నికెల్ బిళ్ళ అయస్కాంతానికి అంటుద్ది.

దానికన్నా పాతవి అంటే కంపెనీ వాళ్ళ మద్రాసు కాసులు, 1803 తేదీతో ఇంగ్లండ్‌లో కొట్టించి తెచ్చిన పది కాసుల, ఇరవై కాసుల రాగి బిళ్ళలు. నెల్లూరు 1801లో ఆర్కాటు నవాబుల నుంచి కంపెనీ చేతికి పోయింది, అందుకే నవాబుల చిన్న రాగి బిళ్ళలు కూడా ఈ నేలల్లో ఉంటాయి. పులికాట్‌లో డచ్చోళ్ళు ఉన్నారు కాబట్టి వాళ్ళ కంపెనీ గుర్తు ఉన్న రాగి బిళ్ళలు కూడా రావొచ్చు. ఇంకా వెనక్కి పోతే విజయనగరం కాసులు, చోళుల రాగి, శాతవాహనుల సీసం. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్న శాతవాహన నాణేలు మన కోరమండల్ తీరానివే. ఒకప్పటి ప్రకాశం జిల్లాలోని మోటుపల్లి రేవులో సముద్ర వ్యాపారులకి అభయం ఇస్తా కాకతీయ గణపతిదేవుడు 1244–45లో శాసనం వేయించాడు, అంటే ఈ ఒడ్డున ఎన్ని దేశాల డబ్బు చేతులు మారిందో ఊహించుకోండి.

రాముడి పట్టాభిషేకం, హనుమంతుడి బొమ్మ వేసి, 1818 ఈస్ట్ ఇండియా కంపెనీ అని రాసున్న బిళ్ళలు దొరికితే సంబరపడొద్దు, కంపెనీ అట్టాంటివి ఎప్పుడూ వేయలేదు, అవి తర్వాత తయారుచేసిన టోకెన్లు. వాటికీ, ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకీ లక్షలిస్తాం అని ఫోన్ చేసి ముందు ఫీజు కట్టమనేవాళ్ళు దొంగలు, రిజర్వ్ బ్యాంకు కూడా 2021 ఆగస్టులో దీని మీద జనాన్ని హెచ్చరించింది.

దొరికిన వెంటనే చేయాల్సింది

ముందు నోటుబుక్కు. నాణెం ఇంకా మట్టిలో ఉండగానే ఫోన్‌తో ఫోటో, పక్కన తాపీ పెట్టి సైజు తెలిసేటట్టు. గూగుల్ మ్యాప్‌లో లొకేషన్ పిన్ చేసి ఆ అంకెలు రాసుకోండి, లోతు, మట్టి రంగు, పక్కన పెంకులు, ఇటుకలు ఏమైనా ఉన్నాయా అన్నీ రాయండి. ఎందుకు ఇంత చెప్తున్నానంటే, 1780ల్లో మన నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళ కొండ పక్కన దున్నతా ఉంటే నాగలికి ఇటుకలు తగిలాయి, తవ్వితే చిన్న గుడి పునాది, దాని కింద చిన్న ముంతలో రోమన్ బంగారు నాణేలు. ఆయన పాత బంగారం కింద అమ్మేశాడు, చాలా కరిగిపోయాయి, నవాబు కొడుకు ముప్పైకి పైగా మాత్రం తిరిగి సంపాదించాడు. 1787లో మద్రాసు మాజీ గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్ రాసిన ఉత్తరం వల్ల మనకి ఇంత తెలుసు, ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణిది ఉన్నాయని, కొన్ని టంకసాల నుంచి అప్పుడే వచ్చినంత కొత్తగా ఉన్నాయని, కొన్నిటికి నగల్లో వేసుకోడానికి బొక్కలు పెట్టారని. కానీ ఉత్తరంలో ఉన్నది నెల్లూరు దగ్గర అనే మాటే, ఏ ఊరు, ఏ కొండ అనేది లేదు. ఆ గుడి ఎవరిదో, రోమ్ డబ్బు అక్కడికి ఎట్టా వచ్చిందో చెప్పగలిగిన ఒకే ఒక్క సమాచారం అట్టా పోయింది. ఊరి పేరు ఒక్క ముక్క రాసి ఉంటే ఈ రోజు మన జిల్లా చరిత్రలో ఒక అధ్యాయం ఉండేది. అందుకే నాణెం కన్నా అది దొరికిన చోటు ముఖ్యం అని నేను అందరికీ గట్టిగా చెప్తా.

కడగడం సంగతి. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పౌడరు, బ్రష్షు, వీటిలో ఏదీ ముట్టుకోవద్దు. పులుపు రాగి పైన ఏళ్ళ తరబడి ఏర్పడిన పొరని తినేస్తది, అక్షరాలు కూడా దాంతోపాటే పోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని రోజులు నానబెట్టి, నీళ్ళు మారుస్తా, వెదురు పుల్లతో మెల్లగా మట్టి తీయండి, అంతే. లేత ఆకుపచ్చ పొడి రాలుతా ఉంటే అది కంచుకి పట్టే రోగం, దాన్ని మిగతా వాటి నుంచి వేరు చేసి పొడిగా పెట్టండి. మన కోస్తా గాలిలో ఉప్పు తేమ ఎక్కువ కాబట్టి డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి. మెత్తటి పీవీసీ కవర్లు రాగిని పాడుచేస్తాయి, మైలార్ కవర్లు వాడండి. సీసం బిళ్ళలు పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, చిన్నపిల్లలకి ఇవ్వకూడదు.

గుర్తుపట్టడానికి అవకాశం ఉంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియంకి ఒకసారి వెళ్ళి నాణేల విభాగం చూడండి, నెల్లూరు నుంచి రైలెక్కితే పొద్దున పోయి రాత్రికి రావొచ్చు. అక్కడ దక్షిణాది నాణేలు కళ్ళారా చూస్తే పుస్తకంలో రాని అవగాహన వస్తది.

కుండ కానీ, ఒకేచోట గుట్టగా బిళ్ళలు కానీ, బంగారం కానీ, ఇటుక కట్టడం కానీ కనపడిందంటే అక్కడితో తవ్వడం ఆపేయండి. ఇంకొక్కటి తీసి చూద్దాం అనే ఆశే గుట్ట మొత్తాన్ని పాడుచేస్తది. ఫోటోలు తీసి, పైన మట్టి కప్పి, పొలం ఓనర్‌ని దగ్గరుంచుకుని అప్పుడే వీఆర్వోకి, తహసీల్దారుకి ఫోన్ చేయండి. ఊళ్ళో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, తెల్లారేసరికి అక్కడ ఏమీ మిగలదు. తర్వాత కలెక్టర్ పేరు మీద అర్జీ రాయండి, పైన చెప్పిన నాలుగు విషయాలూ, మీ పేరు, ఓనర్ పేరు, సర్వే నంబరు, ఓనర్ ఇచ్చిన పర్మిషన్ కాయితం జెరాక్స్, ఫోటోల ప్రింట్లు జత చేసి రెండు కాపీలు తీసుకెళ్ళండి. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే రోజు ఇచ్చినా సరే, ఒక కాపీ మీద సీలు, తేదీ వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి, వస్తువు అప్పగించేటప్పుడు ఎన్ని బిళ్ళలు, ఒక్కోదాని బరువు ఎంత అని లెక్క రాయించి రసీదు లేకుండా మాత్రం ఇవ్వొద్దు.